కోటు లోపలి ఇత్తడి బిళ్ల

ఫిల్మ్‌నగర్, హైదరాబాదు
18-1-1993

శేషక్కా,

నీ అడ్రసు పెద్దమ్మ దగ్గర లాక్కున్నాను. "ఇన్నేళ్లకి దానితో నీకేం పనే?" అంది. పని ఉంది మరి. పెద్దమ్మ బాపట్లంతా నువ్వు అమెరికాలో గవర్నమెంటు ఆఫీసులో చేస్తున్నావని చాటింది. బావగారు రెడ్ ఇండియన్ల ఆస్పత్రిలో డాక్టరనీ, నువ్వు వాళ్ల పేకాట క్లబ్బులో ఉద్యోగం చేస్తున్నావనీ మా అమ్మ నాకు తలుపు గడియపెట్టి మరీ చెప్పింది. నాకు ఎంత సంతోషం వేసిందో! మన వంశంలో ఒక్కరైనా చెప్పుకోవడానికి భయపడే పని చేస్తున్నారు.

నా సంగతి వింటే నవ్వుతావు. ఎం.ఏ. ఇంగ్లీషు చదివి, సెట్టు మీద ఎవరు ఏ చేతికి వాచీ పెట్టుకున్నారో, గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో రాసుకుంటున్నాను. దీన్ని కంటిన్యూటీ అంటారు. కార్బన్లు పెట్టి మూడు కాపీలు తీయాలి. పైది ఆఫీసుకి, రెండోది ఎడిటింగుకి, మూడోది నాకు. ప్రతి పేజీ కిందా నా సంతకం.

మా నిర్మాత ఆదినారాయణ గారికి జూబ్లీహిల్స్‌లో బండరాళ్ల మధ్య ఒక బంగళా ఉంది. దాని కింది అంతస్తులో కేసినో సెట్టు వేస్తున్నారు. "మూడు ముక్కలాట పెడదాం సార్" అన్నాడు డైరెక్టరు. "అది మా ఊరి చావిట్లో ఆడతారయ్యా. ఫారిన్ ఆట కావాలి, పోకరు కావాలి" అన్నారు ఈయన. ఎవరికీ రాదు. నేను చెయ్యెత్తాను. "రూల్సు తెప్పించు అమ్మాయ్, అచ్చం అక్కడిలాగే ఉండాలి. నీ కథ నేను తీస్తా" అన్నారు. నా కథ ఆయన సొరుగులో రెండేళ్లుగా నిద్రపోతోంది.

అందుకని అక్కా, మీ క్లబ్బు రూల్సన్నీ రాసి పంపు. చిన్నచిన్నవి కూడా.

నీ మంజులత

*

సీడర్ ఫోర్క్
4-2-1993

మంజూ,

రెడ్ ఇండియన్లు అని రాయకు. వాళ్లది ఒక తెగ, దానికో పేరుంది. వాళ్లకి సొంత కౌన్సిలు, సొంత కోర్టు, సొంత పోలీసులు. వాళ్ల నేల మీద రాష్ట్ర ప్రభుత్వం మాట అంతంతమాత్రమే చెల్లుతుంది. అందుకే అయిదేళ్ల కిందట దేశ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఆటలు నడుపుకోండి గానీ, క్లబ్బే బల్ల దగ్గర కూర్చుని ఆడే ఆటలకి మాత్రం రాష్ట్రంతో ఒప్పందం రాసుకోండి అని. మా ఒప్పందం మీద ఒక పక్క గవర్నరూ ఇంకో పక్క తెగ పెద్దా సంతకం చేశారు. ఫొటో గోడకి వేలాడుతోంది. ఇద్దరి మొహాల్లోనూ నవ్వు లేదు.

పోకరులో ఆడేవాళ్లు వాళ్లలో వాళ్లే ఆడుకుంటారు. క్లబ్బు బల్లా కుర్చీ వేసి, ముక్కలు పంచే మనిషిని పెట్టి, ఆటకింతని రుసుము తీసుకుంటుంది. అంతే. గెలుపోటములతో దానికి పని లేదు. అందుకని పోకరుకి షరతులు తక్కువే గానీ, ఉన్నవి గట్టివి. పందెం రాష్ట్రం పెట్టిన హద్దు దాటకూడదు. ఒక చుట్టులో మూడుసార్లకి మించి పెంచకూడదు. రాష్ట్రం చెప్పిన వేళకి బల్లలు మూసెయ్యాలి.

మొత్తం పద్దెనిమిది రూల్సు విడి కాగితం మీద రాశాను. ఏడోది జాగ్రత్తగా చదువు. మనుషులు తక్కువై బల్ల ఖాళీగా ఉంటే క్లబ్బు తన ఉద్యోగుల్ని కూర్చోబెట్టుకోవచ్చు. కానీ వాళ్లు సొంత డబ్బుతోనే ఆడాలి, పేరు రాసిన బిళ్ల ఛాతీ మీద పెట్టుకోవాలి. ఎదుటివాడికి తెలియాలి, తను ఎవరితో ఆడుతున్నాడో. క్లబ్బు డబ్బుతో, బిళ్ల లేకుండా కూర్చున్నారంటే క్లబ్బే దొంగతనంగా ఆడుతున్నట్టు లెక్క. మా ఒప్పందం చిరిగిపోవడానికి అదొక్కటి చాలు.

నేను ఆఫీసులో కొత్తవాళ్లకి ఈ రూల్సు చదివి వినిపిస్తాను, అంతే. బల్ల దగ్గర కూర్చోను. పెద్దమ్మలకీ పిన్నులకీ అవసరమైతే అది చెప్పు.

బయట మోకాలి లోతు మంచు. ఆవకాయ అయిపోయింది.

శేషారత్నం

*

ఫిల్మ్‌నగర్
6-3-1993

అక్కా,

నీ ఏడో రూలు నాకు ఎంత నచ్చిందంటే, టోలిచౌకిలో ఒక ఇత్తడి పనివాడి దగ్గర కూర్చుని ఆరు బిళ్లలు చేయించాను. బల్లల దగ్గర కూర్చునే మావాళ్ల పేర్లు చెక్కించాను. వాళ్లలో నర్సింహ అని ఒకడు ఉన్నాడు. యూసుఫ్‌గూడలో ఉంటాడు. అసలు లైట్‌మాన్. నిలువునా ఆరడుగులు, సూటు వేస్తే దొరబాబులా ఉన్నాడని డైరెక్టరు కూర్చోబెట్టేశాడు.

"గిది దేనికి మేడమ్?" అన్నాడు బిళ్ల చూసి.

"నువ్వు మా మనిషివని ఎదుటివాడికి తెలియడానికి. పెట్టుకోకపోతే అక్కడ తప్పు."

"తప్పంటే పెట్టుకుంట. నాకేంది."

ఆదినారాయణ గారు చూసి విరగబడి నవ్వారు. "బిళ్లలు పెడితే కలెక్టరాఫీసు బంట్రోతుల్లా ఉంటారమ్మాయ్! తీసేయించు." తీసేయించాను. నర్సింహ మాత్రం తనది ఉంచుకుంటానన్నాడు. పేరు చెక్కిన వస్తువు వాడి జన్మలో అదే మొదటిదట.

తొమ్మిది రోజుల్లో సీన్లూ పాటా అయిపోయాయి. సెట్టు మాత్రం పీకలేదు. "ప్యాచ్ వర్క్ ఉంది, మిగిలిన షాట్లు తీయాలి" అంటున్నారు. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి ఆరు. ఎవరు ఎన్నింటికి రావాలో రాసే కాల్ షీటు నాకు రోజూ వస్తోంది. కిటికీలకి నల్లగుడ్డ, నెత్తిన లైట్లు, మూల కెమెరా, అన్నీ మామూలే. కొత్త ఆర్టిస్టులు కొందరు సొంత కార్లలో వస్తున్నారు. మేకప్ వద్దంటున్నారు, బట్టలు వాళ్లవే. డైరెక్టరు ఊళ్లో లేడు. నేను ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో ఎప్పట్లాగే రాస్తున్నాను. ఒకటి గమనించాను. షాటుకీ షాటుకీ టైము మారకూడదని షూటింగులో వాచీలు ఆపేసి ఉంచుతాం. వీళ్లవి తిరుగుతున్నాయి.

మంజు

*

సీడర్ ఫోర్క్
22-3-1993

మంజూ,

ఒక్కటే అడుగుతున్నాను. ఆ కెమెరాలో ఫిల్ము ఉందా?

లేకపోతే రేపటి నుంచి వెళ్లకు. ఏదో ఒక జ్వరం తెచ్చుకో.

శేషక్క

*

ఫిల్మ్‌నగర్
9-4-1993

అక్కా,

ముందు ఒక మాట. ఇకమీద ఆఫీసు అడ్రసుకి రాయకు. కవరు వెనక రాసిన శకుంతలమ్మ గారి పేర రాయి. ఆవిడ మేడ మీదే నేను అద్దెకుంటున్నది. నీ కిందటి కవరు నాకు ఇచ్చేసరికి అంచు మళ్లీ అంటించి ఉంది. జిగురు ఇంకా తడిగానే ఉంది.

ఫిల్ము లేదు. నీ ఉత్తరం వచ్చిన రోజే అసిస్టెంటుని అడిగాను. "ఖాళీ డబ్బా మేడమ్, నెల రోజులుగా" అన్నాడు, ఇది కూడా తెలియదా అన్నట్టు. అక్కడ జరిగేది నిజం ఆటే. మీ పద్దెనిమిది రూల్సుతో, ఏడోది మినహా. మీ హద్దుల్లేవు, వేళల్లేవు. నువ్వు రాసిచ్చిన కాగితాన్ని ఆదినారాయణ గారు టైపు చేయించి గోడకి తగిలించారు. చూసినవాళ్లందరికీ ఎంత నమ్మకమో!

పోయిన వారం ఒక పోలీసాయన వచ్చాడు. ఆదినారాయణ గారు తొణకలేదు, బెణకలేదు. లేచి నిలబడి, "సైలెన్స్! స్టార్ట్ కెమెరా! యాక్షన్!" అన్నారు. క్లాపు కొట్టారు. బల్లల దగ్గర ఆట ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆ పోలీసాయన బూట్లు తీసేసి, కెమెరా వెనక గోడకి ఆనుకుని పావుగంట భక్తిగా చూశాడు. ఆయనకి ఏమీ తెలియదు, పాపం. "ఎస్సై వేషం ఉంది, వేస్తారా?" అని అడిగితే సిగ్గుపడిపోయాడు. నాకు నవ్వొచ్చింది అక్కా. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆయన ముందు పెట్టిన సాక్ష్యం ఏమిటో తెలుసా? నా కంటిన్యూటీ షీట్లు. "రోజూ షూటింగే కదండీ, చూడండి" అని.

మావాళ్లు ఆరుగురూ అలాగే కూర్చుంటున్నారు, ఆదినారాయణ గారిచ్చిన డబ్బుతో. గెలిచింది ఆయనకే. నర్సింహ అందర్లోకీ గట్టివాడు. జానకిరామయ్య గారని ఒక ఫైనాన్షియరు వస్తారు. ఈ వీధిలో సగం సినిమాల వెనక ఆయనే. ఆయనకి నర్సింహని విజయవాడ సిమెంటు వ్యాపారి అని పరిచయం చేశారు. నర్సింహ నోరు విప్పకూడదు, యాస పట్టుబడుతుంది. వాడు మూగగా కూర్చునే, వచ్చినప్పుడల్లా ఆయన్ని ఓడిస్తున్నాడు.

"ఎలా నేర్చావు?" అన్నాను.

"పన్నెండేండ్లు మొహాల మీద లైటు కొట్టిన. ఎవడు యాక్టింగు చేస్తుండో నాకు తెల్వదా మేడమ్?"

నువ్వు వెళ్లొద్దన్నావు. వెళ్తున్నాను. శ్రావణంలో నా కథకి ముహూర్తం అన్నారు. ఇరవై నాలుగేళ్లకి నాకు దొరికిన ఒకే ఒక్క మాట అది. తిట్టాలనిపిస్తే తిట్టు.

మంజు

*

ఫిల్మ్‌నగర్
30-5-1993, ఆదివారం

అక్కా,

నువ్వు జవాబు రాయలేదు. ఏడు వారాలైంది. తిట్టు కూడా రాలేదంటే నాకు భయంగా ఉంది.

గురువారం జానకిరామయ్య గారు వేరే సినిమా షూటింగు చూడ్డానికి వెళ్లారు, ఆయన డబ్బు పెట్టిన సినిమాయే. అక్కడ నర్సింహ బనీనుతో, భుజం మీద పెద్ద లైటు మోసుకుంటూ ఆయన పక్క నుంచే వెళ్లాడు. వాడు చూడలేదు. ఈయన చూశారు.

శుక్రవారం మా సెట్టుకి వచ్చారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. జేబులో వెండి డబ్బీ ఉంటుంది, అందరికీ ఏలక్కాయ పెడతారు. నాకూ పెట్టారు. తర్వాత ఆదినారాయణ గారితో, "మీ సిమెంటు వ్యాపారి లైట్లు కూడా మోస్తాడటండీ?" అన్నారు.

ఆదినారాయణ గారి మొహం నేను రాసుకోదగ్గట్టు మారింది. "వాడు మమ్మల్నీ మోసం చేశాడండీ! సూటు దొంగిలించి, వ్యాపారినని చెప్పి దూరాడు. మాకేం తెలుసు?"

"పోయిన డబ్బు సంగతి కాదులెండి. పరాయివాడి చేతిలో ఓడితే ఆట. ఇంటివాడి చేతిలో ఓడితే దాన్ని ఏమంటారో నాకు తెలియాలి. ఈ అమ్మాయి కాగితాలు రాస్తుంది కదా. మంగళవారం అవి తెచ్చి చూపించండి. వాడు మీవాడైతే మీరు జవాబు చెప్తారు. కాకపోతే వాడు చెప్తాడు."

ఇంకో ఏలక్కాయ పెట్టి వెళ్లిపోయారు.

నా షీట్లలో ఏముందో తెలుసా? జానకిరామయ్య గారు ఆడిన పదమూడు రోజులూ ఒకే లైను. ‘రెండో బల్ల, నాలుగో కుర్చీ: నర్సింహ, మన లైట్‌మాన్. బూడిదరంగు సూటు, ఎడమ జేబులో తెల్ల రుమాలు.’ అది చూపిస్తే నర్సింహ బతుకుతాడు. ఆదినారాయణ గారు మునుగుతారు.

ఆయన నా ముందు కొత్త షీట్లు పదమూడు పెట్టారు. "వాడి లైను తీసేసి మళ్లీ రాయి. సంతకం మామూలే. నీ కథ శ్రావణంలో మొదలు, నా మాట." కలం నా చేతికిచ్చి, "సాక్ష్యాల మీద ఉన్నది నీ సంతకమే కదమ్మా, రేపు ఎవరైనా అడిగితే అడిగేది నిన్నేగా" అన్నారు.

నర్సింహకి ఇంకా ఏమీ తెలియదు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి మంగళవారం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అయినా రాస్తున్నాను. ఏం చెయ్యను?

మంజు

*

సీడర్ ఫోర్క్
12-6-1993

మంజూ,

రాయకు. సంతకం పెట్టకు. ఇది నీకు ఆలస్యంగా చేరుతుందని తెలుసు, అయినా ముందు ఇదే రాస్తున్నాను.

నీకు అబద్ధం చెప్పాను. నేను బల్ల దగ్గర కూర్చున్నాను, ఆరు నెలలు. రాష్ట్రం పెట్టిన హద్దు వల్ల పెద్ద పందేల వాళ్లు మా క్లబ్బు మానేశారు. బల్లలు ఖాళీ. ఆట నడిపే కాంట్రాక్టు తెగది కాదు, ఊళ్లోంచి వచ్చిన ఒక కంపెనీది. వాళ్ల మేనేజరు నన్నూ, తెగ పిల్లనొకర్తినీ పిలిచి, కంపెనీ డబ్బిచ్చి, బిళ్లలు తీసేసి కూర్చోమన్నాడు. పగలు ఏడో రూలు చదివి వినిపించేదాన్ని, సాయంత్రం దాన్ని తప్పేదాన్ని. డాక్టరుగారి భార్య, చీర కట్టుకున్న మనిషి. నన్ను ఎవరు అనుమానిస్తారు?

మార్చిలో విచారణ మొదలైంది. ఆ రోజుల్లో నేను సెలవులో ఉండి మామూలు మనిషిగా ఆడానని ఒక కాగితం పెట్టారు. సంతకం చేశాను. ఆ పిల్ల చెయ్యనంది. తప్పంతా దాని మీదకి వెళ్లింది. ఊరు వదిలి వెళ్లిపోయింది. నీకు జవాబు రాయకపోవడానికి కారణం అదే. నీకు ఏ మొహంతో బుద్ధి చెప్పను?

నీ ఉత్తరం వచ్చిన రోజే తెగ తరఫున ఆటల్ని పర్యవేక్షించే కమిషన్‌కి వెళ్లి నిజం చెప్పాను. అక్కడ ఒక పెద్దావిడ ఉంది. తిట్టలేదు. బిళ్లల పెట్టె తీసి, "నీది వెతుక్కో" అంది. దొరికింది. దాని మీద ప్లాస్టిక్ పొర కూడా ఊడలేదు. ఒక్కసారీ పెట్టుకోలేదు మరి. కంపెనీ కాంట్రాక్టు రద్దు చేస్తారట, ఆ పిల్లని పిలిపిస్తారట. నా ఉద్యోగం పోయింది.

ఇక్కడ తప్పు చేసినా వెళ్లి చెప్పుకోవడానికి ఒక గది ఉంది, ఇద్దరు సంతకం చేసిన ఒక కాగితం ఉంది. మీ గోడ మీద ఉన్నది నా చేతిరాతకి టైపు నకలు. దానికి ఎవరి సంతకమూ లేదు. అందుకే భయపడుతున్నాను.

శేషక్క

*

ఫిల్మ్‌నగర్
27-6-1993, ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. నేను జూన్ ఒకటినే రాసేశాను. పదమూడు పేజీలు, గంటన్నర పట్టింది. ఒక్క కొట్టివేత కూడా లేదు. కథ గురించి ఆలోచిస్తూ రాశాను.

ఆ వారం శనివారం నుంచి నర్సింహ ఇంటికి రాలేదు. వాడి భార్య బాలమణి వారం రోజులు స్టూడియోల చుట్టూ తిరిగి, చివరికి నన్ను వెతుక్కుంటూ వచ్చింది, చేతిలో ఆ బూడిదరంగు సూటుతో. "గిది కాస్ట్యూమోళ్లది మేడమ్. తిరిగియ్యకుంటే దొంగతనం అంటరని భయపడుతుండె. మీకిస్తే లెక్క రాస్తరని తెచ్చిన" అంది. నర్సింహని దొంగని చేసింది నేనేనని ఆమెకి తెలియదు.

మడతపెడుతుంటే కోటు లోపల ఏదో గుచ్చుకుంది. ఇత్తడి బిళ్ల. లోపలి పక్క, గుండెకి ఆనుకునేలా.

"గది రోజూ పెట్టుకునేటోడు. మేడమ్ పెట్టుకోవాలె అన్నది, సారు వద్దన్నడు, గందుకే లోపల పెట్టుకున్న అన్నడు. ఏంది మేడమ్, తప్పా?"

సూటు తిరిగి వచ్చినట్టు లెక్క రాసి ఆమెని పంపేశాను. అప్పుడైనా కదిలానా? లేదు. పది రోజులు ఆ బిళ్లని సొరుగులో పెట్టుకుని కూర్చున్నాను. నీ ఉత్తరంలో ప్లాస్టిక్ పొర ఊడని బిళ్ల సంగతి చదివాక లేచాను.

ఆదినారాయణ గారు పై కాపీలు చింపేశారు, ఎడిటింగు కాపీలు తెప్పించి అవీ చింపేశారు. మూడోది నాకు ఉంటుందని ఆయనకి తట్టలేదు. మా దగ్గర మూడో కాపీ ఎవరూ చదవరు. శుక్రవారం పొద్దున ఒక పేజీ తీసుకుని, బాలమణితో కలిసి షేక్‌పేట అవతల జానకిరామయ్య గారి తోటకి వెళ్లాను. నీలం అక్షరాలు ఆయన వేలు పెట్టి చదివారు. ‘మన లైట్‌మాన్’ దగ్గర వేలు ఆగింది.

"అంటే నాతో ఆడింది ఆదినారాయణ."

"అవునండీ. అది దాచింది నేను."

"చదువుకున్న పిల్లవి" అన్నారు, మెచ్చుకున్నట్టే. "ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"లేవండీ."

ఎవరినో పిలిచారు. తోట వెనక నుంచి నర్సింహని తీసుకొచ్చారు. నడుస్తున్నాడు. కుడిచేతికి తువ్వాలు చుట్టి ఉంది. వేళ్ల సంగతి రాయలేను. ఇక లైటు ఎత్తలేడు, ముక్కలూ పట్టలేడు. బాలమణి వెళ్లి తువ్వాలు మెల్లగా సరిచేసింది. సాయంత్రం ఇద్దర్నీ వాళ్ల ఊరి బస్సు ఎక్కించాను. బిళ్ల తిరిగి ఇవ్వబోతే నర్సింహ తీసుకోలేదు. "మీరే పెట్టుకోండి మేడమ్" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

నిన్న బంగళా గేటు మీద పేరు మారింది, ఇప్పుడు జానకిరామయ్య గారిది ఉంది. ఆదినారాయణ గారు ఏమయ్యారో ఎవరూ అడగడం లేదు. ఆట ఆగుతుందనుకున్నాను అక్కా. ఆగలేదు. యజమాని మారాడు, అంతే.

ఇవాళ పొద్దున ఒకతను కాల్ షీటు తెచ్చి ఇచ్చాడు. దానితో పాటు కాగితం పొట్లంలో ఏలక్కాయ. మామూలు వేళే, రెండు గంటలకి. కంటిన్యూటీ గళ్లో ఎవరి పేరూ లేదు. ఆర్టిస్టుల గళ్లో ఉంది. ‘రెండో బల్ల, నాలుగో కుర్చీ: మంజులత. పట్టుచీర. బెజవాడ సిమెంటు వ్యాపారి చెల్లెలు. కారు పంపబడును.’

చూశావుగా, ఈ ఉత్తరం ఆ కాల్ షీటు వెనకే రాస్తున్నాను. దీంతో పాటు మిగిలిన పన్నెండు మూడో కాపీలూ పెడుతున్నాను. అంత దూరం నుంచి నువ్వేం చెయ్యగలవో నాకు తెలియదు. కానీ నిజం కాపీ ఒకరి దగ్గర ఉండాలి, అదీ ఈ వీధిలో లేనివాళ్ల దగ్గర. శకుంతలమ్మ గారు రేపు రిజిస్టరు చేస్తానన్నారు. నేను సాయంత్రానికి రాకపోతే నీకు టెలిగ్రాం కొట్టమని చెప్పాను. ఆవిడ కాగితం మీద నీ అడ్రసు రెండుసార్లు రాయించుకున్నారు.

వెళ్లకుండా ఉండొచ్చు కదా అంటావు. ఎక్కడికి పోను? నేను పోతే ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతారు, వాళ్లకి ఏడో రూలు చెప్పేవాళ్లు ఉండరు.

కింద హారన్ వినిపిస్తోంది. ఇది రెండోసారి.

పత్తిచీరే కట్టుకున్నాను. బిళ్ల పెట్టుకున్నాను అక్కా, పైట మీద, బయటి పక్క. దాని మీద నర్సింహ అనే ఉంది. ఎదురుగా కూర్చున్నవాడు అడుగుతాడు, ఎవరమ్మా ఈ నర్సింహ అని. ముక్కలు పంచే లోపే చెప్తాను.

మంజు